నల్ల మఖమల్ మీద తెల్ల లిల్లీలు

(హైదరాబాద్‌లో కుట్టుపనివాళ్ళు, మగ్గం వర్క్ చేసేవాళ్ళు, డిజైన్ విద్యార్థులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆ లైట్లు కొంచెం తగ్గించండి బాబూ. ఆ, చాలు. వెనక కూర్చున్న మగ్గం వర్క్ అమ్మాయిలూ, మీరు ముందుకి రండమ్మా. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ ఫోటో అంత దూరం నుంచి చూసేది కాదు.

ఇది 1896లో పారిస్‌లో పాల్ నదార్ అనే ఫోటోగ్రాఫర్ తీసింది. నిలువుటద్దం ముందు ఒకావిడ నిలబడి ఉంది. ఒంటి మీద నేల దాకా జారి, ఇంకా వెనక్కి పరుచుకున్న గౌను. ఫోటో నలుపు తెలుపుల్లో ఉందని బాధపడక్కర్లేదు, ఎందుకంటే గౌను కూడా నలుపు తెలుపే. నల్లటి పట్టు మఖమల్, దాని మీద దంతపు రంగు పట్టుతో చేసిన లిల్లీ పూలు. పూల మీద ముత్యాలు, మెరుపు తళుకులు. ఫ్రెంచివాళ్ళు దీన్ని 'లిల్లీల గౌను' అనే పిలుస్తారు.

లిల్లీ అంటే మనం గుడిమల్కాపూర్ మార్కెట్లో దండలకి కొనే లిల్లీ కాదు. అది నేలసంపెంగ. ఇది పొడవాటి కాడ మీద బాకాలా విచ్చుకునే పెద్ద తెల్లపువ్వు. చర్చిల్లో మేరీమాత పటాల్లో కనిపిస్తుంది చూడండి, అది. ఫోటోలో ఆ కాడలు కింద అంచు నుంచి లేచి గౌను పొడుగునా పైకి పాకుతున్నాయి. ఇవి నేత పూలు కావు, అచ్చు వేసినవీ కావు. పట్టుని పువ్వు ఆకారంలో కత్తిరించి, మఖమల్ మీద పరిచి కుట్టినవి. మనం అప్లిక్ అంటామే, అదే పని.

ఆవిడ పేరు ఎలిజబెత్. కౌంటెస్ గ్రెఫ్యూల్ అంటే ఆ రోజుల్లో పారిస్‌లో తెలియనివాళ్ళు లేరు. గౌను కుట్టింది వర్త్ కంపెనీ. ఈ గౌను ఇప్పుడు పారిస్‌లోనే పాలే గల్లియెరా అనే మ్యూజియంలో ఉంది. నేను నలభై ఏళ్ళుగా కుట్టు నేర్పుతున్నాను. ఈ నలభై ఏళ్ళలో నేను పుస్తకాల్లో, ఫోటోల్లో మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకున్న బట్ట ఏదైనా ఉందంటే ఇదే. ఎందుకో ఇవాళ మీకు చెబుతాను.

ముందు కుట్టిన చెయ్యి సంగతి. కుట్యూర్ అనే ఫ్రెంచి మాటకి కుట్టుపని అని అర్థం. మన 'కుట్టు'కీ దానికీ చుట్టరికం ఏమీ లేదు గానీ, నాకు మాత్రం ఆ మాట వినగానే మన మాటలాగే అనిపిస్తుంది. ఆ కుట్టుపనిని ఒక పెద్ద వ్యాపారంగా నిలబెట్టినవాడు చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్. ఆయన ఫ్రెంచివాడు కాదు, ఇంగ్లాండులో 1825లో పుట్టాడు. లండన్ బట్టల కొట్లలో పనిచేసి, ఇరవై ఏళ్ళ వయసులో పారిస్ వెళ్ళాడు. 1858లో ఒక భాగస్వామితో కలిసి సొంతంగా షాపు పెట్టుకున్నాడు. అప్పటిదాకా బట్ట కస్టమరే తెచ్చుకునేది, ఎలా కుట్టాలో ఆవిడే చెప్పేది, కుట్టేవాళ్ళు కుట్టిచ్చేవాళ్ళు. వర్త్ ఈ పద్ధతి తిరగేశాడు. డిజైన్ నాది, బట్ట నాది, అమ్మాయిల చేత తొడిగించి చూపిస్తాను, నచ్చితే మీ కొలతలకి కుట్టిస్తాను అన్నాడు. నడుము లోపలి పట్టీ మీద తన పేరు నేయించి కుట్టించాడు. బొమ్మ కింద చిత్రకారుడు సంతకం పెట్టినట్టు.

ఆయన షాపులో ఒక గది ఉండేదట. పగటి వెలుగు రాకుండా మూసేసి, గ్యాస్ దీపాలు పెట్టి, చుట్టూ అద్దాలు బిగించిన గది. రాత్రి వేళ వేసుకునే గౌను రాత్రి దీపాల్లో ఎలా ఉంటుందో అక్కడే చూసుకోవాలి. పెళ్ళి జాకెట్టు ఎండలో చూసి ఓకే చెప్పి, రాత్రి ముహూర్తానికి ఫంక్షన్ హాల్లో ఫోకస్ లైట్ల కింద చూసి 'అయ్యో, రంగు ఇలా ఉందేమిటి' అని బాధపడ్డవాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు.

వర్త్ 1895లో పోయాడు. కాబట్టి 1896 నాటి ఈ గౌను ఆయన కొడుకుల కాలానిది. పెద్దవాడు గాస్తోన్ వ్యాపారం చూసుకునేవాడు, రెండోవాడు జాన్ ఫిలిప్ డిజైన్ చూసుకునేవాడు.

ఇప్పుడు గౌనులో నడుము దగ్గర చూడండి. అడ్డంగా కుట్టు లేదు. పైభాగం వేరు, పావడా వేరు కాదు. పైనుంచి కింద దాకా ఒకే పొడుగు ముక్కలు, పక్కపక్కన కలిపి కుట్టారు. ఒంటి ఆకారం మొత్తం ఆ నిలువు కుట్లలోనే వస్తుంది. దీని పేరు మీ అందరికీ తెలుసు. ప్రిన్సెస్ కట్. మీ షాపులో రోజూ పది జాకెట్లు ఆ కట్‌తోనే పోతాయి. ఈ కట్‌ని ప్రచారంలోకి తెచ్చింది పెద్ద వర్త్ అంటారు, 1870ల్లో. మనం జాకెట్టు వరకే తీసుకున్నాం, వాళ్ళు దాన్ని మెడ నుంచి మడమల దాకా లాగారు. జాకెట్టులో పావు అంగుళం తేడా వస్తే డార్ట్‌లో సర్దుకుంటాం. ఇంత పొడుగు ముక్కలో పైన పావు అంగుళం తప్పితే కింద ఘేరా అంతా పక్కకి తిరిగిపోతుంది.

పైగా గుడ్డ మఖమల్. మఖమల్ కుట్టినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, చాలా తక్కువమంది. మఖమల్‌కి నూగు ఉంటుంది. చేత్తో కిందికి నిమిరితే ఒక రంగు, పైకి నిమిరితే ఇంకో రంగు. అన్ని ముక్కలూ ఒకే దిక్కుకి కత్తిరించకపోతే, ఒకే తానులో గుడ్డ అయినా రెండు తానుల గుడ్డలా కనబడుతుంది. రెండు పొరలు కలిపి మిషన్ కింద పెడితే నూగు మీద నూగు జారి పై పొర పాకిపోతుంది. అందుకే ముందు చేత్తో టాకాలు వేసుకోవాలి. సూది గుచ్చిన చోట గుర్తు పడుతుంది, అంటే విప్పి మళ్ళీ కుడతాం అనే మాట లేదు. ఇస్త్రీ పెట్టె పైనుంచి పెట్టామా, నూగు చచ్చిపోయి అక్కడ శాశ్వతంగా మచ్చ.

అలాంటి గుడ్డ మీద పట్టు పువ్వు అతికించాలి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ పని కష్టం చేసినవాళ్ళకే తెలుస్తుంది. పట్టు పల్చన, మఖమల్ బరువు. రెండూ ఒకేలా సాగవు. పువ్వుని కొంచెం బిగించి కుడితే మఖమల్ ముడతలు పడుతుంది. కొంచెం వదులుగా కుడితే గౌను వేలాడినప్పుడు పువ్వు ఉబ్బి నిలుస్తుంది. బల్ల మీద చదునుగా పెట్టి కుట్టింది వేరు, మనిషి ఒంటి మీద నిలువుగా వేలాడేది వేరు. పైగా మనిషి నడుస్తుంది. పట్టు అంచుల్లో పోగులు ఊడిపోకుండా కప్పాలి, ఆ కప్పిన దారం లావుగా కనిపించకూడదు. ఫోటోలో ఆ పూల రేకుల అంచులు చూడండి. ఎక్కడా లాగినట్టు లేదు. ఇది నాకు ఎప్పుడు చూసినా ఒళ్ళు జలదరించే పని.

సరే, ఇంత పని ఎవరి కోసం జరిగింది?

ఎలిజబెత్ 1860లో పుట్టింది. తండ్రి బెల్జియంలో ప్రిన్స్ బిరుదున్న ప్రభువు, పేరు పెద్దది గానీ చేతిలో డబ్బు అంతంతమాత్రం. తల్లి పియానో బాగా వాయించేది. ఇల్లంతా సంగీతం. పద్దెనిమిదేళ్ళకి, 1878లో, హెన్రీ గ్రెఫ్యూల్‌తో పెళ్ళయింది. వాళ్ళది బ్యాంకుల ద్వారా వచ్చిన ఆస్తి, లెక్కలేనంత. భర్తకి వేట ఇష్టం, వేరే ఆడవాళ్ళు ఇష్టం, ఈవిడంటే అనుమానం. ఒక్క కూతురు. ఆ రోజుల్లో ఆ స్థాయి కుటుంబంలో కోడలు చేయాల్సింది ఏమిటి? పిల్లల్ని కనడం, విందులివ్వడం, చర్చికి వెళ్ళడం. స్టేజీ ఎక్కకూడదు, సంపాదించకూడదు, వృత్తి అనే మాటే ఎత్తకూడదు.

ఆవిడకి తల్లివైపు బంధువు ఒకాయన ఉండేవాడు. రాబర్ట్ ద మోంతెస్క్యూ, కవి. తల్లికి తమ్ముడి వరస, అంటే మన లెక్కలో మేనమామ. వయసులో ఐదేళ్ళే పెద్ద. ఏది అందం, ఏది పైపై మెరుపు అని ఈవిడకి చూపించినవాడు ఆయనే. ఒక కవితలో ఈవిడని లిల్లీ పువ్వుతో పోల్చాడు. అదే ఈ గౌను మీద పూసింది. ఇంకోటి ఉంది. గౌను మెడ చుట్టూ వెడల్పాటి కాలరు ఉంది, దాన్ని తిప్పి మడిస్తే గబ్బిలం రెక్కల్లా విచ్చుకుంటుంది. గబ్బిలం మోంతెస్క్యూ తన గుర్తుగా పెట్టుకున్న ప్రాణి. 1892లో గబ్బిలాల పేరుతోనే కవితల పుస్తకం కూడా వేశాడు. అంటే పూలు ఈవిడ, రెక్కలు ఆయన. చూసినవాళ్ళలో తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, మిగతావాళ్ళకి అది అందమైన గౌను. మన పెళ్ళిళ్ళలో అమ్మాయి జాకెట్టు చేతి మీద అబ్బాయి పేరు మొదటి అక్షరం దాచి కుట్టించుకుంటారు కదా, అలాంటి ముచ్చటే.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాటకి వస్తాను. ఈవిడ గురించి రాసినవాళ్ళు చాలామంది డబ్బున్న అందగత్తె, అలంకారం పిచ్చి అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. ఈ గౌను ఆవిడ పని బట్టలు అంటాను నేను. మేస్త్రీకి తలపాగా ఎలాగో, డాక్టరుకి తెల్లకోటు ఎలాగో, ఆవిడకి ఇది అలాగ.

ఆవిడ పని ఏమిటో చూడండి. 1890లో ఒక సంగీత సంఘం పెట్టింది. దేశంలో ఎవరూ సాహసించి వేయని పెద్ద సంగీత రచనలు ప్రజలకి వినిపించడం దాని పని. చందాలు వసూలు చేయాలి, థియేటర్లు మాట్లాడాలి, గాయకుల్ని పిలిపించాలి, మంత్రుల్ని కదిలించాలి. బెర్లియోజ్ రాసిన ఒపేరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, వేయించింది. 1902లో జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ చివరి ఒపేరాల్లో ఒకటైన 'గోటర్‌డామరుంగ్' పారిస్‌లో మొదటిసారి నిలబడిందంటే వెనక ఈవిడ ఉంది. దాన్ని నడిపించిన ఆల్ఫ్రెడ్ కోర్తోకి అప్పుడు 24 ఏళ్ళు. జర్మనీ చేతిలో ఫ్రాన్స్ ఓడిపోయి ముప్ఫై ఏళ్ళే అయింది, జర్మన్ సంగీతం అంటేనే కొందరు మండిపడే రోజులు. అలాంటప్పుడు ఒక కుర్రవాడి చేతిలో పెట్టింది.

రష్యా నుంచి దియాగిలెవ్ వచ్చాడు, సంగీత, నాట్య ప్రదర్శనలు ఏర్పాటు చేసేవాడు. మొదట్లో ఈవిడ అతన్ని నమ్మలేదు, ఎవడో డబ్బుల కోసం వచ్చిన మాటకారి అనుకుంది. అతను పియానో ముందు కూర్చుని, ఈవిడ ఎప్పుడూ వినని రష్యన్ సంగీతం వాయించాడు. అంతే. 1907లో పారిస్ ఒపేరాలో రష్యన్ కచేరీలకి, 1909లో రష్యన్ బ్యాలేకి ఆవిడ అండగా నిలబడింది. గాబ్రియేల్ ఫోరే తన 'పవాన్' అనే రచనని ఈవిడకే అంకితమిచ్చాడు. ఒక్క సంగీతమే కాదు, మేరీ క్యూరీ రేడియం పరిశోధనకి నిధుల విషయంలోనూ సాయపడింది.

ఇదంతా ఎలా చేయగలిగింది? డబ్బు భర్తది. పదవి లేదు. ఓటు లేదు, ఫ్రాన్స్‌లో ఆడవాళ్ళకి 1944 దాకా ఓటు హక్కే రాలేదు. ఆవిడ చేతిలో ఉన్నది ఒక్కటే. ఆవిడ వస్తే జనం చూస్తారు. ఆవిడ వెళ్ళిన చోటికి వాళ్ళూ వెళ్తారు. ఆవిడ కూర్చున్న కచేరీకి టికెట్లు అమ్ముడవుతాయి. కాబట్టి ఆ చూపుల్ని తెచ్చుకోవడం ఆవిడకి సరదా మాత్రమే కాదు. పదిమంది చూపులు తన మీద పడ్డప్పుడు కలిగే ఆనందానికి సాటి లేదని, అందులోంచి శక్తి వస్తుందని ఆవిడే రాసుకుంది కూడా. దాన్ని గర్వం అనేవాళ్ళు అననీ. సంగీత కచేరీకి వెళ్ళిన గాయనికి చప్పట్లు ఎలాగో ఈవిడకి అదలాగ.

ఇప్పుడు మళ్ళీ గౌను చూడండి. థియేటర్లో దీపాలు ఎక్కువ, నగలు ఎక్కువ, లేత రంగు పట్టుబట్టలు ఎక్కువ. అందరూ మెరుస్తారు. అలాంటి చోటికి నల్ల మఖమల్‌లో వస్తే ఏమవుతుంది? మఖమల్ వెలుగుని మింగేస్తుంది. మనిషి ఆకారం చీకట్లో కలిసిపోతుంది. పట్టు లిల్లీలు, ముత్యాలు మాత్రం వెలుగుని తిరిగిస్తాయి. అంటే మెట్లు ఎక్కుతుంటే జనానికి ముందు కనబడేది మనిషి కాదు, గాల్లో నడిచివస్తున్న పూల కాడలు. ఇది అనుకోకుండా జరిగేది కాదు. లెక్కేసి చేసిన పని.

అందుకే ఆవిడ కుట్టేవాళ్ళ దగ్గర ఎలా ఉండేదో చెప్పే ముచ్చట నాకు నచ్చుతుంది. పెద్ద పెద్ద డిజైనర్లు ఆ సీజన్ కొత్త మోడళ్ళన్నీ ఓపిగ్గా చూపించేవారట. అంతా చూసి చివర్లో, మీ ఇష్టం, ఏదైనా కుట్టండి, ఇవి తప్ప అనేదట. మన దగ్గరికి వచ్చే కస్టమర్ ఫోన్ తీసి, 'అక్కా, ఇందులో హీరోయిన్ వేసుకున్నట్టే కుట్టు' అంటుంది. ఇక్కడ కూర్చున్నవాళ్ళందరికీ రోజూ ఎదురయ్యేదే. ఆవిడ మాటలో మనకి కష్టం ఉంది, నిజమే, 'అది తప్ప' అంటే ఏం కుట్టాలి? కానీ మనల్ని ఆలోచించమని అడిగిన కస్టమర్ ఆవిడ.

మార్సెల్ ప్రూస్ట్ అనే రచయిత కూడా 1893లో ఒక విందులో ఈవిడని చూశాడు. జడలో ఊదా రంగు ఆర్కిడ్ పూలు పెట్టుకుని మెడ మీదికి జారవిడిచింది. దాని గురించి వెంటనే మోంతెస్క్యూకి ఉత్తరం రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు రాసిన పెద్ద నవలలో డచెస్ పాత్రకి ఈవిడ పోలికలు తెచ్చాడు. ఈవిడ ఫోటో ఒకటి ఇమ్మని బతిమాలాడు, ఇవ్వలేదు. పరాయి మగవాడికి ఫోటో ఇవ్వడం మర్యాద కాదు అప్పట్లో. మనం ఇవాళ తెర మీద పెట్టుకుని ఇంత తీరిగ్గా చూస్తున్నాం.

ఆవిడ బట్టల్లో ఇంకొకటి చెప్పి ముందుకి వెళ్తాను. 1896లో రష్యా చక్రవర్తి రెండో నికోలస్ పారిస్ వచ్చాడు. ఈవిడకి బుఖారా నుంచి వచ్చిన ఒక అంగరఖా బహుమతిగా ఇచ్చాడు. పట్టు మఖమల్ మీద బంగారు దారంతో నిండుగా పని చేసినది. దాన్ని ఆవిడ గోడకి తగిలించలేదు. వర్త్‌కి ఇచ్చి రాత్రి వేళ భుజాల మీద వేసుకునే కోటుగా మార్పించుకుంది. మధ్య ఆసియాలో ఎవరో కుట్టిన పూలు అలా పారిస్ ఒపేరా మెట్లెక్కాయి.

ఎవరో అన్నాను. ఇక్కడ నాకు బాధగా ఉంటుంది. వర్త్ దగ్గర మంచి రోజుల్లో వెయ్యిమందికి పైగా పనిచేసేవారు. నదార్ పేరు మనకి తెలుసు, వర్త్ పేరు తెలుసు, కౌంటెస్ పేరు తెలుసు. ఆ లిల్లీ రేకుల అంచులు కుట్టిన అమ్మాయి పేరు తెలియదు.

మన దేశం సంగతి కూడా ఇలాగే ఉంది. ఈ రెండో ఫోటో చూడండి. వైస్రాయ్ కర్జన్ భార్య మేరీ కర్జన్, నెమలి గౌను. 1903 జనవరిలో ఢిల్లీ దర్బారు సందర్భంగా ఎర్రకోటలో జరిగిన నాట్య విందులో వేసుకుంది. దీన్ని కూర్చి కుట్టింది కూడా వర్త్ కంపెనీయే. కానీ పని ఎక్కడిది? ఢిల్లీలో కిషన్ చంద్ కార్ఖానాలో చేసిన జర్దోసీ. గౌను ముక్కల ఆకారానికి సరిపడా గుడ్డ నిండా నెమలి ఈకలు బంగారు, వెండి జరీతో కుట్టి, ఒక్కో ఈక కన్ను దగ్గర నీలి ఆకుపచ్చగా మెరిసే పురుగు రెక్క పెట్టి, ఆ పనంతా పూర్తయ్యాక పారిస్ పంపారు. అక్కడ కుట్టి తిరిగి పంపారు. మనం జాకెట్టు గుడ్డని ముందు మగ్గానికి ఇచ్చి, తర్వాత టైలర్‌కి ఇస్తాం కదా. సరిగ్గా అదే పద్ధతి, మధ్యలో సముద్రం ఉంది, అంతే తేడా. బరువు నాలుగున్నర కిలోల పైనే. ఇప్పుడది ఇంగ్లాండులో, కర్జన్ కుటుంబం వాళ్ళ కెడల్‌స్టన్ హాల్‌లో ఉంది. జరీ మెరుపు తగ్గింది, పురుగు రెక్కలు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి. మగ్గం ముందు వంగి కూర్చుని ఆ రెక్కలకి చిల్లులు పెట్టి కుట్టినవాళ్ళలో ఒక్కరి పేరూ గౌను మీద లేదు.

ఇక చివరిగా, ఇవి ఇన్నేళ్ళు ఎలా నిలబడ్డాయన్న సంగతి. కౌంటెస్ 1952లో, 92 ఏళ్ళ వయసులో పోయింది. యుద్ధాలు రెండు చూసింది. వయసు మీద పడ్డా, ఫ్యాషన్లు మారినా బట్టలు మాత్రం పారేయలేదు. ఆమె వారసులు వాటిని గల్లియెరా మ్యూజియంకి ఇచ్చారు. 2015 నవంబర్ నుంచి 2016 మార్చి దాకా అక్కడ ఆమె బట్టలతో పెద్ద ప్రదర్శన పెట్టారు. తర్వాత న్యూయార్క్‌లోనూ పెట్టారు. దాచుకోకపోతే నేను ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

పట్టు చాలా సున్నితమైనది. ఆ కాలం పట్టుకి ఇంకో రోగం కూడా ఉంది. పట్టు దారంలో సహజంగా జిగురు ఉంటుంది. ఉడకబెట్టి అది తీసేస్తే బరువులో దాదాపు పావువంతు పోతుంది. పట్టు అమ్మేది తూకంతో. పోయిన బరువు పూడ్చుకోవడానికి తగరం లవణాలు పట్టించేవారు. అప్పటికి గుడ్డ బరువుగా, గలగలలాడుతూ బాగుంటుంది. కొన్నేళ్ళకి గాజులా చిట్లుతుంది. అందుకే 1890ల గౌనుల్లో చాలావాటికి పైగుడ్డ బాగున్నా లోపలి లైనింగ్ పీలికలైపోయి ఉంటుంది. వెలుగు తగిలినా పట్టు పాడైపోతుంది, పాడైంది ఇక తిరిగి రాదు. మ్యూజియంలో ఇలాంటి బట్టల దగ్గర వెలుగు 50 లక్స్ దాటనివ్వరు. అంటే మన ఇళ్ళలో చిన్న బెడ్‌లైట్ వేసినట్టు. కొన్ని నెలలు చూపించి మళ్ళీ చీకటి గదిలో పెట్టేస్తారు.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది తర్వాత. ముందు తెలిసింది మా అమ్మ చీర వల్ల. అమ్మ పెళ్ళి నాటి గద్వాల పట్టుచీర, అసలు వెండి జరీ. అమ్మ పోయాక నేను దాన్ని మంచిగా మడిచి, పాలిథిన్ కవర్లో పెట్టి, కలరా ఉండలు వేసి, బీరువా అడుగున దాచాను. ఎంతో జాగ్రత్త చేశాననుకున్నాను. పదహారేళ్ళ తర్వాత మా అమ్మాయి నిశ్చితార్థానికి తీశాను. మడత విప్పుతుంటే చిన్న శబ్దం వచ్చింది. ఎండుటాకు విరిగినట్టు. మడత పడ్డ ప్రతి గీత వెంబడీ పట్టు చిట్లిపోయింది. జరీ నల్లబడి, దాని అంచు పక్క పోగుల్ని కోసేసింది. ఆ రోజు ఫంక్షన్‌లో నేను ఎవరితో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు.

ఇప్పుడు ఆ చీరని మడవను. లావుపాటి అట్టగొట్టానికి ఉతికిన పాత మల్లు పంచె చుట్టి, దాని మీద చీర చుట్టి, పైన మళ్ళీ పంచె చుట్టి ఉంచుతాను. ప్లాస్టిక్ లేదు, కలరా ఉండలు లేవు. ఏడాదికి రెండుసార్లు నీడలో విప్పి గాలి తగలనిస్తాను. చిట్లిన చోట్లు అలాగే ఉన్నాయి, కొత్తవి రాలేదు. మీ అందరి ఇళ్ళలో ఇలాంటి చీర ఒకటైనా ఉంటుంది. ఈ ఆదివారం మడతలు మార్చండి.

నేను చెప్పాల్సింది అయింది. ఏమైనా అడగాలంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, ఆ గౌను ఇప్పుడు ఎవరైనా వేసుకుంటే తట్టుకుంటుందా?)

తట్టుకోదమ్మా. కొలత సరిపోయినా సరే. మన చెమట, పౌడరు, సెంటు, కూర్చున్నప్పుడు పడే లాగుడు, ఏదీ భరించలేదు. 2022లో అమెరికాలో ఒక పెద్ద ఫంక్షన్‌కి మార్లిన్ మన్రో 1962లో వేసుకున్న గౌనుని ఇంకొకరు వేసుకుని వచ్చారు, పెద్ద గొడవైంది. ప్రపంచ మ్యూజియంల సంఘం వాళ్ళు అప్పుడే చెప్పారు, చరిత్ర ఉన్న బట్టల్ని ఎవరూ తొడుక్కోకూడదని. కావాలంటే అలాంటిది కొత్తది కుట్టుకోవచ్చు. కుట్టి చూడు, ఒక్క లిల్లీ కుట్టు ముందు. మఖమల్ మీద. రెండు నెలలు పడుతుంది నీకు చెయ్యి తిరగడానికి. కుట్టాక నాకు చూపించు.

(మగ్గం వర్క్ చేసే ఒకామె: అక్కా, మేం చేసిన పనిమీద మా పేరు వేసుకోవాలంటే ఎక్కడ వేసుకోవాలి? షాపువాళ్ళు ఒప్పుకోరు కదా.)

మంచి మాట అడిగావమ్మా. పైన వేసుకోవద్దు, షాపువాళ్ళతో గొడవెందుకు. లోపల వేసుకో. వర్త్ ఎక్కడ వేశాడు? నడుము పట్టీ మీద, లోపలివైపు. మనకి జాకెట్టులో హుక్కుల పట్టీ లోపల, లైనింగ్ కింద చోటుంటుంది. అంగుళం నాడా ముక్క మీద నీ పేరు, ఊరు, సంవత్సరం దారంతో కుట్టి, లైనింగ్ మూసే ముందు టైలర్ చేత అక్కడ పెట్టించు. ఎనభై ఏళ్ళ తర్వాత ఎవరో ఆ జాకెట్టు విప్పినప్పుడు బయటపడుతుంది. ఉతికితే పోని పక్కా రంగు దారం వాడు, పెన్నుతో మాత్రం రాయకు.

బయట టీ బల్ల పక్కన తెల్ల నాడా కట్ట ఒకటి, కత్తెర, నాలుగు సూదులు పెట్టించాను. తలా రెండు ముక్కలు కత్తిరించి తీసుకెళ్ళండి. లైట్లు వేయండి బాబూ.